ఎర్తు గుంతలో ఉప్పునీళ్లు

కరెంటు పని కొత్తగా నేర్చుకునే పిల్లలు నా దగ్గరికొస్తే మొదట అడిగేది ఒకటే: "మీకు ఎన్నిసార్లు షాక్ కొట్టింది?" యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిని గాయాలు చూపించమన్నట్టు అడుగుతారు. కొట్టింది నాయనా, చాలాసార్లే కొట్టింది. అందులో గొప్పేమీ లేదు. మెయిన్ తీశానో లేదో చూసుకోకుండా చెయ్యి పెట్టినవాణ్ణి కొట్టక ఏం చేస్తుంది? ఆ కథలు చెబితే మీరు నవ్వుతారు, రేపు మీరూ అట్లాగే చెయ్యి పెడతారు. అందుకని అవి చెప్పను.

సూరత్ పక్కన జోల్వాలో నేను చివరగా పనిచేసిన కార్ఖానాలో ఒక మనిషిని కరెంటు రోజూ కొంచెం కొంచెంగా కొరికింది. అది చెబుతాను. అందులో లెక్క ఉంది, భయపడకండి. ఒక భాగహారం, ఒక గుణకారం, అంతే. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే ఓములు వస్తాయి, అంటే కరెంటుకు దారిలో ఎంత అడ్డు ఉందో తెలుస్తుంది. వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు, అంటే ఎంత శక్తి ఖర్చవుతోందో తెలుస్తుంది. ఐటీఐలో దీన్ని నేను ఎక్కంలా బట్టీపట్టి పాసయ్యాను. దాని అర్థం తెలిసింది మాత్రం రిటైర్ కావడానికి కొన్నేళ్ల ముందు ఒక ఎండాకాలంలో, చేతిలో మీటరు పట్టుకుని ఒక గుంత ముందు నిలబడ్డప్పుడు.

మాది కరీంనగర్ వైపు పల్లె. సూరత్ వచ్చిన కొత్తలో ఖటోదరాలోని పాత మగ్గాల కార్ఖానాల్లో మోటార్లు చూసేవాణ్ణి. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి. మా ఇంటావిడ నన్ను తిట్టాలనుకుంటే ఇప్పటికీ రెండుసార్లు తిట్టాలి. తర్వాత జోల్వాలో వాటర్‌జెట్ లూములు పెట్టిన ఒక శేఠ్ దగ్గర చేరాను. వాటర్‌జెట్‌లో పోగును మోసుకుపోయే నాడెతో పని లేదు. సన్నటి నీటి ధార పోగును పట్టుకుని ఇటు నుంచి అటు దూకిస్తుంది. చూడటానికి మహా అందంగా ఉంటుంది. కానీ పొద్దస్తమానం నీళ్లు చిమ్ముతుంటే కార్ఖానా నేల ఆరేదెప్పుడు? పైన కరెంటు, కింద తడి. అక్కడ చేరాక నాకు కంటినిండా నిద్రపట్టడానికి చాలా కాలం పట్టింది.

ఆ భయానికి మందు ఎర్తింగు. లూముల ఇనుప ఒంటి నుంచి ఒక పట్టీ బయటికి వెళ్లి, గోడ అవతల గుంతలో పాతిన ఇనుప పైపుకు కలుస్తుంది. ఎక్కడైనా కరెంటు కారి ఇనుములోకి వస్తే, మనిషి జోలికి పోకుండా ఆ పట్టీ వెంట మట్టిలోకి దిగిపోవాలి. నిజానికి రెండు గుంతలు ఉండాలి. కార్ఖానాను వెనక్కి పెంచినప్పుడు రెండోది కొత్త గోడ కింద పూడిపోయింది. కరెంటు కారితే మెయిన్‌ను పడగొట్టే బ్రేకరు కూడా ఉండాలి. తడికి అది మాటిమాటికీ పడిపోతోందని నేను చేరకముందే ఎవరో పీకి పక్కన పడేశారు. చుట్టుపక్కల కార్ఖానాల్లో కూడా ఇదే తంతు. అట్లా మా అందరి ప్రాణాలూ ఆ ఒక్క గుంత మీద ఆధారపడి ఉండేవి.

ఆ కార్ఖానాలో మావైపు దంపతులు ఇద్దరు పనిచేసేవారు. అతను కారీగర్, అంటే లూములు నడిపేవాడు. ఆమె దారం చుట్టే మెషిన్ మీద ఉండేది. నాకంటే చిన్నదే అయినా కార్ఖానా అంతా ఆమెను అక్క అనేది. ఒడిశా నుంచి వచ్చిన కారీగర్లు కూడా అక్కా అనే పిలిచేవారు, అది ఆమె పేరనుకున్నారో ఏమో. కార్ఖానా వెనక శేఠ్ ఇచ్చిన గదిలో కాపురం. తాతల నాటి నుంచి వాళ్లది నేత ఇల్లు. అతను మెత్తని మనిషి, మాట తక్కువ. అతనికి ఒక పట్టింపు ఉండేది. చెప్పులతో లూము దగ్గరికి పోడు. గుమ్మంలో చెప్పులు విడిచి, లూమును తాకి కళ్లకద్దుకుని పనిలో దిగేవాడు. మిగతావాళ్లందరూ రబ్బరు చెప్పులతో తిరిగేవారు. ఇది మీ నాయన చెక్క మగ్గం కాదు, చైనా నుంచి ఓడెక్కి వచ్చిన మెషిను, దానికి చెప్పుల మర్యాద తెలవదని నేనొకసారి ఆటపట్టించాను.

"ఏడికెల్లొస్తేంది అన్నా? బువ్వ పెడ్తలేదా?" అన్నాడు.

అక్కది ఇంకో పట్టింపు. పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు పిడికిట్లో రాళ్ల ఉప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడి కార్ఖానా మొత్తానికి దిష్టి తీసేది. లోపలున్న లూములకూ మనుషులకూ కలిపి చెయ్యి తిప్పి, "మెచ్చిన కండ్లు, ఏడ్సిన కండ్లు అన్నీ కరిగిపోవాలె" అని గొణుక్కుంటూ ఆ ఉప్పును బిందెలో నీళ్లకు కలిపేది. దిష్టి తీసిన నీళ్లు ఎవరూ తొక్కని చోట పోయాలి కదా. చుట్టూ ఇటుకల గట్టు కట్టిన ఎర్తు గుంతను మించి తొక్కని చోటు ఆ కార్ఖానాలో ఎక్కడుంది? రోజూ బిందెడు అందులోనే. ఎండైనా వానైనా, కొత్తగా కాపురానికి వచ్చిన నాటి నుంచీ అంతే. నా పనికి అడ్డం రాదు కాబట్టి నేనెప్పుడూ పట్టించుకోలేదు.

మా మాస్టర్‌కు మాత్రం అది చూస్తే ఒళ్లు మంట. అక్కడ మాస్టర్ అంటే కారీగర్ల మీద పెత్తనం చూసే సూపర్‌వైజర్. అతనూ మావైపువాడే. చెడ్డవాడు కాదు. ఎవరికి జ్వరమొచ్చినా తన బండి మీదే ఆసుపత్రికి తీసుకుపోయేవాడు. కాకపోతే కార్ఖానా శుభ్రం అంటే పిచ్చి. బీమా కంపెనీవాళ్లు చూడటానికి వస్తున్నారని శేఠ్ చెప్పగానే పూనకం వచ్చినట్టు గోడలకు రంగులు వేయించాడు, కిటికీలు కడిగించాడు, చివరికి ఆ గుంత దగ్గరికి వచ్చి తెల్లగా కట్టిన ఉప్పు చారలు చూశాడు. సిమెంటుతో మూయించి పైన మెరిసే టైల్స్ పరిపించాడు. పట్టీ కలిసే చోటు మాత్రం వదిలి దానికి ఆకుపచ్చ రంగు పూయించాడు.

"ఇగ నీ ఉప్పు దందా బంద్," అన్నాడు అక్కతో. "బయటోళ్లు జూస్తె నవ్వుతరు."

"నవ్వితె నవ్వనీ. దిష్టి నీళ్లు ఏడ పొయ్యాలె మరి?"

"మోరీల పొయ్యి."

నలుగురూ దాటే మురుగు కాలవలో పోస్తే దిష్టి నలుగురికీ అంటుకుంటుందని అక్క గట్టి నమ్మకం. కొన్నాళ్లు సణిగి, దిష్టి తీయడమే మానేసింది. అప్పటికి వానలు వెనకబట్టి ఎన్నో రోజులు కాలేదు, నేలలో తడి ఉంది. బీమా కోసం కరెంటు పరీక్షలు చేసిన ఇంజినీరు కూడా గుంత బాగుందనే చెప్పాడు. బీమావాళ్లు టైల్స్ చూసి మెచ్చుకుని పోయారు. నాకు కూడా ముచ్చటగానే ఉండింది.

ఎండాకాలం ముదిరాక ఒకరోజు అక్క మొగుడు నా దగ్గరికి వచ్చి చెవిలో చెప్పినట్టు చెప్పాడు. "అన్నా, మగ్గం కొరుకుతాంది."

"కొరుకుడేంది?"

"చెయ్యి వెడితె చీమలు కుట్టినట్టయితాంది. మోచేయి దాకా గుంజుతాంది."

టెస్టరు తీసుకుని పోయాను. మీకందరికీ తెలిసిందే, స్క్రూడ్రైవరు లాంటిది, పిడిలో చిన్న బల్బు ఉంటుంది. లూముకు నాలుగు చోట్ల పెట్టి చూశాను. వెలగలేదు. నా చేతితో తాకాను. ఏమీ లేదు. ఒడిశా కారీగర్లను పిలిచి తాకమన్నాను. వాళ్లు తాకి, ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వారు. ఏం లేదు పొమ్మన్నాను. మళ్లీ వచ్చాడు. మోటారు విప్పి చూశాను, వైర్లు చూశాను, ఈసారి కూడా అదే చెప్పాను. అతను లూమును గుడ్డ ముక్కతో పట్టుకోవడం మొదలుపెట్టాడు. గుడ్డతో పట్టుకుని తెగిన పోగు ముడివేయడం ఎవరి తరం? బట్టలో లోపాలొచ్చాయి, తానులు వెనక్కి వచ్చాయి. మాస్టర్ అందరి ముందూ నిలదీశాడు.

"తాగుతున్నవా ఏంది?"

"నేను తాగనని నీకెర్కలేదా?"

"మరి నిన్నొక్కనినే ఎట్ల కొరుకుతది? మిగిలినోళ్లది రక్తం గాదా?"

ఈ ప్రశ్నకు జవాబు అక్క దగ్గర ఉంది. దిష్టి తీయడం ఆపించారు కాబట్టే మగ్గం తన మొగుణ్ణి పట్టుకుందని కార్ఖానా అంతా వినపడేట్టు చెప్పింది. దాంతో ఉన్నది కూడా పాడైంది. ఉప్పు కోసం మొగుడూ పెళ్లాలు కలిసి నాటకమాడుతున్నారని మాస్టర్ శేఠ్‌కు చెప్పాడు. శేఠ్ ఒక్క ముక్కలో తేల్చేశాడు: "సోమ్‌వార్ సే కామ్ కరో, నహీ తో కమరా ఖాలీ కరో." సోమవారం నుంచి పనిచెయ్యి, లేకపోతే గది ఖాళీ చెయ్యి అని. పిచ్చివాడని పేరు పడితే జోల్వాలో ఇంకో కార్ఖానా కూడా చేర్చుకోదు. పని పోతుంది, గది పోతుంది, తల ఎత్తుకునే మర్యాద పోతుంది.

నన్ను భయపెట్టింది అది కూడా కాదు. సోమవారం నుంచి గుడ్డ లేకుండా పనిచేస్తానని అతను ఒప్పుకున్నాడు. "కొరికితె కొరకనీ అన్నా. ఏం జేస్త?" అని నవ్వబోయాడు. ఆ నవ్వు చూశాక బీమా అప్పుడు పరీక్షలు చేసిన ఇంజినీరుకు ఫోన్ చేశాను.

అతనిది గోదావరి జిల్లా. హజీరాలో పెద్ద కంపెనీలో కొన్నాళ్లు చేసి మానేసి, కార్ఖానాలకు కరెంటు పరీక్షలు చేసే పని సొంతంగా పెట్టుకున్నాడు. నన్ను బాబాయ్ అనేవాడు. ఆదివారం లూములు ఆపేస్తాం కాబట్టి ఆ రోజు పొద్దున వచ్చాడు. లూములు తిరగకపోయినా మెయిన్ ఆన్‌లోనే ఉంటుంది, లూముల పక్కన కంట్రోలు డబ్బాల్లో కరెంటు ఉంటుంది. నేను చూసినవన్నీ వరసగా చెప్పుకొచ్చాను. అతను విని, "అవన్నీ సరే బాబాయ్. ఆయన లూమును ఎలా పట్టుకుంటాడో నాకు చూపించమనండి, చాలు," అన్నాడు.

అక్క మొగుడు వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగాడు. రోజూ చేసినట్టే చెప్పులు విడిచి, తడి నేల మీద అడుగు పెట్టి లూము వైపు నడిచాడు.

"ఆగండి! అక్కడే ఆగండి!" ఇంజినీరు అరిచిన అరుపుకు అందరం ఉలిక్కిపడ్డాం. "చెప్పులెందుకు విప్పారు?"

"మగ్గం కాడికి చెప్పులతోని ఎట్ల పోత సారూ?"

ఇంజినీరు నా బూట్ల వైపు చూశాడు, మాస్టర్ చెప్పుల వైపు చూశాడు, మళ్లీ అతని పాదాల వైపు చూశాడు. నిన్నొక్కణ్ణే ఎందుకు కొరుకుతుందన్న ప్రశ్నకు జవాబు నెల రోజులుగా గుమ్మంలోనే పడి ఉంది. మేం దాన్ని దాటుకుంటూ తిరిగాం.

"మరి నా టెస్టరు వెలగలేదు గదా?" అన్నాను.

"అరవై, డెబ్భై వోల్టులు వస్తేగానీ ఇందులో బల్బు కళ్లు తెరవదండి. అంతకంటే తక్కువుంటే ఏమీ లేదనే చెప్తుంది."

టెస్టరు బల్బుకు చాలని కరెంటు మనిషికి చాలుతుంది. ఇది మాత్రం రాసిపెట్టుకోండి పిల్లలూ. అన్నేళ్లు జేబులో పెట్టుకు తిరిగిన నాకే తెలియలేదు.

అందరినీ బయటికి పంపి ఇంజినీరు పని మొదలుపెట్టాడు. కాంపౌండు అవతల పొలం గట్టు దాకా పొడుగాటి వైరు లాగి, అక్కడ నేలలో ఒక ఇనుప మేకు దిగ్గొట్టాడు. మీటరు ఒక కొస ఆ వైరుకు, ఇంకో కొస లూము ఒంటికి. నలభై వోల్టులు. తర్వాత గుంతలోకి దిగే పట్టీ చుట్టూ, పట్టకారులా పట్టుకుని కరెంటు కొలిచే క్లాంపు మీటరు నోరు మూశాడు. రెండు ఆంపియర్లు. ఏ ఒక్క లూములోనూ పెద్ద దోషం లేదు. తడికి ప్రతి కంట్రోలు డబ్బా లోంచి చుక్క చుక్క కారి, అన్నీ కలిసి ఆ పట్టీలోకి వస్తున్నాయి.

"భాగించండి బాబాయ్."

"ఇరవై."

"ఈ గుంత ఇప్పుడు ఇరవై ఓములు. వానల తర్వాత నేను చూసినప్పుడు ఒక్కటే ఓము. అప్పుడు కూడా ఇదే రెండు ఆంపియర్లు కారి ఉండొచ్చు. కానీ ఒక ఓముకి లూము మీద వచ్చేది రెండు వోల్టులే. చంటిపిల్ల ముట్టుకున్నా తెలీదు." అక్క మొగుడి వైపు చూపించాడు. "ఇప్పుడు ఆయన్ని భాగిద్దాం. తడి కాళ్లు, చెమట చేతులు. ఒళ్లు వెయ్యి ఓములు అనుకోండి."

నలభైని వెయ్యితో భాగించాను. ఆంపియరులో వందకు నాలుగు వంతులు.

"గుండె ఆగడానికి అది చాలండి. గట్టిగా పట్టుకుంటే చెయ్యి వదలదు. ఇంక గుణించండి. నలభై వోల్టులు, ఆ కరెంటు."

ఒకటిన్నర వాట్లకు కొంచెం పైన. పూర్వం ఇళ్లల్లో పడకగదిలో వేసుకునే జీరో బల్బు తెలుసు కదా, అది పదిహేను వాట్లు తినేది. అందులో పదో వంతు. ఇంత పెద్ద మనిషిని, చెప్పుల మర్యాద తెలిసినవాణ్ణి, మాట తక్కువైనా అక్క ఎదురైతే కళ్లతో నవ్వేవాణ్ణి ఆపేయడానికి జీరో బల్బులో పదో వంతు చాలట. అదే భాగహారం మట్టికీ, అదే భాగహారం మనిషికీ. మట్టి ఎంత అడ్డం పడుతుందో, మనిషి ఎంత అడ్డం పడతాడో రెండంకెలు చెప్పేస్తాయి. బట్టీపట్టిన ఆ చిన్న లెక్క లోపల ఇంత ఉందని నాకెవరూ చెప్పలేదు, చెప్పినా అప్పుడు నాకు ఎక్కి ఉండేది కాదు.

"ఇంకోటి చూడండి," అన్నాడు. "గుంతలో నలభై వోల్టులు, రెండు ఆంపియర్లు. ఎనభై వాట్లు. ఒక సీలింగు ఫ్యాను తినేంత. రాత్రీ పగలూ ఆ మట్టిని కాలుస్తోంది. కాలిన కొద్దీ ఎండుతుంది, ఎండిన కొద్దీ ఓములు పెరుగుతాయి. ఇలాగే వదిలేస్తే ఈ నలభై ఇక్కడితో ఆగదండి."

అక్క ఇవన్నీ గుమ్మం అవతల నిలబడి వింటోంది. అంకెలు ఎంత అర్థమయ్యాయో తెలియదు, గుండె ఆగడం అన్న మాట అర్థమైంది. మొగుడి చొక్కా వెనక నుంచి పట్టుకుంది. వదల్లేదు.

"కిందటి ఎండాకాలాల్లో ఎప్పుడైనా కొరికిందా?" అని ఇంజినీరు అడిగాడు. లేదన్నాడతను. "మరి ఈ ఏడు కొత్తగా మారిందేంటి?"

నేను వైర్ల గురించి ఆలోచిస్తున్నాను. అక్క అంది: "ఉప్పునీళ్లు పోసుడు బందైంది."

"మల్ల షురూ జేసింది," అన్నాడు మాస్టర్.

ఇంజినీరు నవ్వలేదు. "ఏం ఉప్పమ్మా? ఎక్కడ పోసేవారు?" అని దగ్గరికి వెళ్లాడు. అక్క చెయ్యి చాపి టైల్స్ చూపించింది. అతను వాటిని చూసి నన్ను సుత్తి అడిగాడు.

టైల్స్ పగలగొట్టి, సిమెంటు ఎత్తేశాం. కింద నల్లమట్టి నెర్రెలు విచ్చి ఉంది. ఆ నేల సంగతి మీకు తెలుసు, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. ముడుచుకుని పైపును పూర్తిగా వదిలేసింది. పైపు చుట్టూ నా వేలు దూరేంత సందు. అంతమంది ప్రాణాలు కాయాల్సిన పైపు అక్కడ గాలిలో నిలబడి ఉంది.

"ఎర్తు గుంతకు ఉప్పు, బొగ్గు వేసి, ఎండాకాలం నీళ్లు పోయమని మా పుస్తకాల్లోనే ఉంటుందమ్మా," అన్నాడు ఇంజినీరు. "ఎవరూ పొయ్యరు. మీరు రోజూ పోశారు."

"నేను కరెంటుకని పొయ్యలే సారూ. దిష్టికని పోసిన."

"దేనికి పోస్తేనేం. తెచ్చి పోయండి."

అక్క బిందెతో నీళ్లు తెచ్చింది, ఉప్పు తెచ్చింది. తెచ్చి, గుంత ముందు నిలబడి సందేహంగా అడిగింది: "చెయ్యి తిప్పి పొయ్యాల్నా, ఉత్తగనే పొయ్యాల్నా?"

ఇంజినీరు వోల్టుల మీటరు నాకందించి, క్లాంపు మీటరు తను పట్టుకున్నాడు. "మీరు రోజూ ఎలా పోస్తారో అలాగే పోయండమ్మా."

ఈసారి కార్ఖానాకు తిప్పలేదు. ముందు మొగుడికి తిప్పింది. పెదాలు కదిలాయి, మాట వినపడలేదు. ఉప్పు నీళ్లలో పడింది, నీళ్లు గుంతలో పడ్డాయి. మీటరు నా చేతిలో ఉంది. నెర్రెల్లోకి నీళ్లు బుడబుడమని దిగుతుంటే అంకె కదిలింది. నలభై ముప్పై ఐదైంది. ఇంకో బిందె. ముప్పై అయింది. పైపు పక్కన మట్టి కరిగి సందులోకి జారుతోంది. ఇరవై రెండు. అవతల క్లాంపు మీటరు పట్టుకున్న ఇంజినీరును అడిగితే కరెంటు దాదాపు అంతే ఉందన్నాడు. కారేది తగ్గలేదు, దారి తెరుచుకుంటోంది. కళ్లకు కనిపించని భూమి లోపల ఏం జరుగుతోందో నా చేతిలో అంకె చెబుతోంది, నేను చదువుతున్నాను. దండం పెట్టాలనిపించింది, దేనికి పెట్టాలో తెలియలేదు. రెండు చేతులా మీటరే ఉంది కాబట్టి సరిపోయింది.

మూడో బిందె అక్క తేలేదు, మాస్టర్ తెచ్చాడు. ఎవరూ చెప్పకుండానే బోరు దగ్గరికి పోయి రెండు చేతుల్లో రెండు బకెట్లు మోసుకొచ్చి పోశాడు. ప్యాంటు తడిసింది, టైల్స్ బురదయ్యాయి. మళ్లీ పోయి తెచ్చాడు. పొద్దెక్కే సరికి మీటరు ఆరు దగ్గర నిలబడింది.

"ఇప్పుడు ముట్టుకోవచ్చు," అన్నాడు ఇంజినీరు. "అరచేత్తో వద్దు. ముందు చేతి వెనకవైపు తాకించండి. ఒకవేళ గుంజినా చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది."

అక్క మొగుడు లోపలికి నడిచాడు. మేం చూస్తుండగానే చెప్పులు విడిచాడు. ఎవరం వద్దనలేదు. చేతి వెనకవైపు లూముకు తాకించి తీసేశాడు. మళ్లీ తాకించాడు. ఈసారి తీయలేదు. మెల్లగా చెయ్యి తిప్పి అరచెయ్యి మొత్తం ఇనుము మీద ఆనించి అట్లాగే నిలబడ్డాడు.

"కొరుకుతలేదు," అన్నాడు. ఆ చెయ్యి తీసి కళ్లకద్దుకుని మళ్లీ అన్నాడు. "కొరుకుతలేదే."

అంతవరకూ ఊపిరి బిగబట్టుకున్న అక్క అప్పుడు ఏడ్చింది, ఏడుస్తూనే మమ్మల్ని దులిపేసింది. "గిన్ని దినాలు పిచ్చోడంటిరి! తాగుబోతంటిరి! ఒక్కలన్న చెప్పులిప్పి చూసిండ్రా?" నేనూ మాస్టరూ తలలు వంచుకుని విన్నాం. చెవులు సగం పోయినా ఆ పొద్దు అన్ని మాటలూ వినపడ్డాయి.

శేఠ్‌కు ఇంజినీరే ఫోన్ చేశాడు. బ్రేకరు పెట్టి, కారే డబ్బాలన్నీ బాగుచేసేదాకా మెయిన్ వేయడానికి వీల్లేదని చెప్పాడు. శేఠ్ కాసేపు గొణిగాడు. తర్వాత ఆ కారీగర్‌కు ఏమన్నా అయిందా అని అడిగాడు. ఏమీ కాలేదన్నాక సరే కానీమన్నాడు. గది ఖాళీ చేసే మాట మళ్లీ ఎత్తలేదు.

కొత్త గుంతలు తవ్వేటప్పుడు పాత పైపును పైకి లాగాం. సగం దాకా వచ్చి విరిగిపోయింది. కింది భాగం అప్పడంలా పెళుసెక్కి, వేళ్లతో నలిపితే పొడైంది. అక్క దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది.

"నా ఉప్పే తిన్నదా సారూ?"

"ఉప్పు ఇనుమును తింటుందమ్మా," అన్నాడు ఇంజినీరు. అబద్ధం చెప్పలేదతను. "ఇంకొన్నేళ్లు పోతే పైపే మిగిలేది కాదు."

ఆమె మొహం చిన్నబోయింది. "మరి ఇగనుంచి ఎట్ల?"

"చిటికెడు చాలు. నీళ్లు మాత్రం బిందె నిండా పోయండి. మానకండి."

నేను రిటైర్ అయ్యేదాకా ఆమె మానలేదు. ఆమె మొగుడి లూముల ముందు మందపాటి రబ్బరు చాప పరిచాం, చెప్పులు విప్పినా దాని మీద నిలబడి పనిచేసుకోవచ్చని. మొదటి రోజు దాన్ని కూడా తాకి కళ్లకద్దుకున్నాడు. మాస్టర్ ఉప్పు మాట మళ్లీ ఎత్తలేదు గానీ, ఎండాకాలం రాగానే బోరు నుంచి గుంత దాకా పైపు వేయించాడు. అక్క నడుము నొయ్యకుండా అని నాతో అన్నాడు, ఆమెతో అనలేదు.

పొద్దున షిఫ్టుకు దిగే పిల్లలూ, రిపేరు కంటే ముందు మనిషిని చూడండి. ఎక్కడ నిలబడ్డాడు, కాళ్లకు ఏముంది, ఏం తాకాడు. తర్వాత మీటరు పెట్టి భాగించండి. ఎవరైనా కొరుకుతోందంటే, బూట్లు వేసుకున్న మీ చేతికి ఏమీ తెలియడం లేదని వాణ్ణి పంపేయకండి.

ఇప్పుడు నేను ఉండే అపార్ట్‌మెంట్‌లో మీటర్ల గది వెనక ఒక ఎర్తు గుంత ఉంది. ఎండలు ముదిరితే పొద్దున్నే బకెట్ నీళ్లు తీసుకుపోయి అందులో పోస్తాను. వాచ్‌మన్‌కు నేనంటే జాలి. "అంకుల్, యహా పౌధా తో హై నహీ," అంటాడు, ఇక్కడ మొక్కే లేదు కదా అని. ఉంది లేవయ్యా అని నేను పోస్తూనే ఉంటాను. పోసే ముందు నా చెయ్యి దానంతటదే మా బిల్డింగు వైపు తిరుగుతుంది, కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా అందరికీ కలిపి. లెక్కలో దానికి చోటు లేదని నాకు తెలుసు. తిప్పకుండా పోయడానికి మాత్రం చెయ్యి ఒప్పుకోదు.